ఎన్నికల వేళ న్యాయశాస్త్ర విద్యార్థి: పార్టీ రాజకీయాలు, చట్టం

పరిచయం

గత పాఠ్యభాగాల్లో మీరు ఎన్నికల సంఘం నిర్మాణం, ఓటర్ల జాబితా తయారీ, నామినేషన్ల పరిశీలన వంటి విషయాలు చదివారు. అవన్నీ శ్రద్ధగా చదివిన విద్యార్థికి కూడా ఎన్నికలు రాగానే తన ఊళ్లో కనిపించేది వేరే దృశ్యం. పుస్తకంలో అభ్యర్థి, ఓటరు, చట్టం ఉంటాయి. ఊళ్లో మాత్రం ముందు పార్టీ ఉంటుంది, మిగిలినవన్నీ దాని వెనక వస్తాయి. "చట్టం ఇలా చెబుతోంది" అని మీరు నోరు విప్పితే, వినేవారు ఆ చట్టం ఏమిటని అడగరు. మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారని అడుగుతారు.

న్యాయశాస్త్రం చదివేవారికి ఇది మరీ విసుగు పుట్టించే విషయం. ఆ విసుగును మనస్తత్వానికి సంబంధించిన సంగతిగా తీసిపారేయకుండా, దానికి చట్టంలోనే కారణాలు ఉన్నాయేమో ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం. ముఖ్యంగా పదవ షెడ్యూలు దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. ఎన్నికల ప్రవర్తనా నియమావళి, ఎన్నికల పిటిషన్లు మీకు ఇంతకుముందే పరిచయమైనవి కాబట్టి వాటిని అవసరమైనంత మేరకే ప్రస్తావిస్తాం.

ఒక కుటుంబం, రెండు కండువాలు

గుంటూరు జిల్లాలోని ఒక పల్లెకు చెందిన అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. విశాఖపట్నంలో మూడేళ్ల ఎల్.ఎల్.బి. చివరి సంవత్సరం చదువుతోంది. (అధ్యయన కేంద్రాల్లో పలువురు విద్యార్థులు చెప్పుకొన్న అనుభవాలను కలిపి అల్లిన ఉదాహరణ ఇది, ఏ ఒక్కరి కథా కాదు.) కాలం 2024 వేసవి. ఎన్నికల సంఘం మార్చి 16న షెడ్యూలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లోని 175 శాసనసభ స్థానాలకు, 25 లోక్‌సభ స్థానాలకు మే 13న ఒకే రోజు పోలింగు. ఆమె ఇంటికి వచ్చేసరికి ఊళ్లో నాయకుల విగ్రహాలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి, ఫ్లెక్సీలు దిగిపోయాయి. బాబాయి మెడలో ఒక కండువా ఉంది. వెనక వీధిలో ఉండే మేనమామ మెడలో దానికి ఎదురు కండువా ఉంది.

మొదటి రోజు భోజనాల దగ్గరే బాబాయి అడిగాడు: "ఏమ్మా, లా చదువుతున్నావుగా, వాళ్ల మేనిఫెస్టో చెల్లదని కోర్టులో కేసు వెయ్యొచ్చా?" సుబ్రమణ్యం బాలాజీ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో ఆమె వివరించింది. మేనిఫెస్టోలో పార్టీ చేసే వాగ్దానం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతికర చర్య కాదని, అయితే మేనిఫెస్టోలపై మార్గదర్శకాలు రూపొందించమని కోర్టు ఎన్నికల సంఘాన్ని ఆదేశించిందని చెప్పింది. బాబాయి ముఖం చిన్నబోయింది. "అంటే నువ్వు మీ మామయ్య వైపన్నమాట" అన్నాడు. మర్నాడు మామయ్య ఇంట్లో ఇదే ప్రశ్న ఎదుటి పార్టీ మేనిఫెస్టో గురించి వచ్చింది. ఆమె ఇదే జవాబు చెప్పింది. "మీ బాబాయి బాగానే నూరిపోశాడే" అని మామయ్య నవ్వాడు.

ఆమెకు అసలు చిరాకు కలిగించింది ఇంకొకటి. పరీక్ష కోసం పదవ షెడ్యూలు చదువుతూ, రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగిన ఫిరాయింపుల వివరాలను కాగితం మీద రాసుకుంది. 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ టికెట్టుపై గెలిచిన వారిలో 23 మంది ఆ శాసనసభ కాలంలో అధికార తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ శాసనసభ్యుల్లో 12 మంది తెరాసలో విలీనమైనట్లు స్పీకర్ గుర్తించారు. 2019లో తెలుగుదేశం టికెట్టుపై గెలిచిన కొందరు అధికార వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పక్షాన నిలిచారు, తరవాత వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ సభ్యులు కొందరు తెలుగుదేశానికి దగ్గరయ్యారు. చివరికి 2024 ఫిబ్రవరి 26న ఆంధ్రప్రదేశ్ స్పీకర్ రెండు పార్టీల నుంచీ నలుగురు చొప్పున ఎనిమిది మందిని అనర్హులుగా ప్రకటించారు. అప్పటికి షెడ్యూలు ప్రకటనకు మూడు వారాలే మిగిలాయి.

ఈ వివరాలను ఆమె ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఎవరూ తప్పు పట్టరనుకుంది. సాయంత్రానికి ఆ సందేశం ఊరంతా తిరిగింది, కానీ రెండు ముక్కలై తిరిగింది. బాబాయి తనకు పనికొచ్చే వాక్యాలు ఉంచుకుని మిగిలినవి కత్తిరించాడు. మామయ్య కూడా అంతే. రెండింటి కిందా ఒకే మాట ఉంది: "లా చదివిన మా అమ్మాయే చెబుతోంది చూడండి."

చట్టాన్ని పూర్తిగా చెప్పినందుకు ఎవరికీ కోపం రాలేదని గమనించండి. సగానికి కోసి వాడుకున్నారంతే. అలా కోయడం అంత తేలిక ఎందుకైందో తెలియాలంటే ముందు చట్టంలో పార్టీకి ఉన్న స్థానం చూడాలి.

రాజ్యాంగంలో పార్టీ ఎక్కడుంది?

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినా రాజకీయ పార్టీ ప్రస్తావన మీకు కనిపించదు. ప్రాదేశిక నియోజకవర్గాలు, వయోజన ఓటు హక్కు, మంత్రిమండలి సమష్టి బాధ్యత అన్నీ ఉన్నాయి. పార్టీ మాత్రం లేదు. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛను ఇచ్చిన 19వ అధికరణం నీడలోనే పార్టీలు బతికాయి. 1985లో 52వ రాజ్యాంగ సవరణ పదవ షెడ్యూలును చేర్చింది. పార్టీ రాజ్యాంగంలోకి అడుగుపెట్టింది దాని ద్వారానే. అంటే మన రాజ్యాంగం పార్టీల గురించి మొదట మాట్లాడింది, పార్టీ మారితే ఏమవుతుందో చెప్పడానికే.

పోలింగు కేంద్రంలో ఓటింగు యంత్రం మీద అతికించే బ్యాలెట్ పత్రాన్ని ఈసారి జాగ్రత్తగా చూడండి. అభ్యర్థి పేరు, ఫొటో, గుర్తు ఉంటాయి. పార్టీ పేరు ఉండదు. చట్టం దృష్టిలో మీరు ఎన్నుకునేది మనిషిని. ఖర్చు లెక్క కూడా ఆ మనిషి పేరునే ఉంటుంది. 2022లో సవరించిన పరిమితి ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ శాసనసభ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయకూడదు. పార్టీ చేసే ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. నామినేషన్ విషయంలో గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి.

కాబట్టి ఓటు వేసే రోజున చట్టం అభ్యర్థిని చూస్తుంది. గెలిచి సభలో కూర్చున్న మరుక్షణం నుంచి అదే మనిషిని పార్టీ సభ్యుడిగా చూస్తుంది. మధ్యలో ఓటరు ఎవరికి ఓటు వేసినట్టు? మన విద్యార్థిని తన నోట్సులో ఈ ప్రశ్న రాసుకుని కింద రెండు గీతలు గీసింది. ఈ పాఠ్యభాగంలో మీరు పట్టుకోవలసిన ప్రశ్న ఇదే.

పదవ షెడ్యూలు

1967లో హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు కొద్ది రోజుల వ్యవధిలోనే పలుమార్లు పార్టీ మారాడు. "ఆయారాం గయారాం" అనే మాట అప్పుడే పుట్టింది. మన దగ్గర దీన్నే గోడ దూకడం అంటాం, కాస్త మర్యాదగా చెప్పాలంటే కండువా మార్చడం. ఆ తరవాతి సంవత్సరాల్లో ఫిరాయింపుల వల్ల రాష్ట్ర ప్రభుత్వాలు కూలిన సందర్భాలు అనేకం. దానికి మందుగా వచ్చినదే పదవ షెడ్యూలు.

రెండవ పేరా దీనికి గుండెకాయ వంటిది. ఒక పార్టీ తరఫున ఎన్నికైన సభ్యుడు ఆ పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే అనర్హుడవుతాడు. పార్టీ ఆదేశానికి, అంటే విప్‌కు విరుద్ధంగా సభలో ఓటు వేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే అప్పుడూ అనర్హుడే. స్వతంత్రుడిగా గెలిచినవాడు తరవాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది.

"స్వచ్ఛందంగా వదులుకోవడం" అంటే రాజీనామా లేఖ ఇవ్వడం ఒక్కటే కాదు. రవి నాయక్ కేసులో 1994లో సుప్రీంకోర్టు దీనికి విస్తృతమైన అర్థం చెప్పింది. రాజీనామా ఇవ్వకపోయినా సభ్యుడి ప్రవర్తనను బట్టి పార్టీని వదిలేశాడని నిర్ధారించవచ్చు. అందువల్లే కండువా కప్పుకున్న ఫొటో మీద అంత వాదన జరుగుతుంది. "కండువా కాదు, శాలువా కప్పారు" అనే వాదన మీరూ విని ఉంటారు. అది హాస్యంగా తోచినా, దాని వెనక ఉన్నది ఈ తీర్పే.

మొదట్లో మూడవ పేరా ఒకటి ఉండేది. శాసనసభా పక్షంలో మూడింట ఒక వంతు మంది చీలిపోతే అనర్హత వర్తించేది కాదు. ఒక్కడు దూకితే నేరం, గుంపుగా దూకితే చీలిక అన్నమాట. 2003లో 91వ సవరణ దీన్ని తొలగించింది. నాలుగవ పేరాలోని విలీనం మాత్రం మిగిలింది. పార్టీ మరో పార్టీలో విలీనమై, శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది అంగీకరిస్తే సభ్యత్వాలకు ఢోకా లేదు. 2019లో తెలంగాణలో 18 మందిలో 12 మంది అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. సరిగ్గా మూడింట రెండు వంతులు.

ఇక విప్ సంగతి. మన విద్యార్థిని పొలం గట్టు మీద ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక తడబడింది. "మన ఎమ్మెల్యే మన ఊరికి నష్టం చేసే బిల్లు వస్తే వద్దని ఓటు వెయ్యగలడా అమ్మా?" పార్టీ విప్ ఇచ్చి ఉంటే, వ్యతిరేకంగా ఓటు వేసినందుకు అతని సభ్యత్వమే పోవచ్చు. కిహోటో హోలోహన్ కేసులో 1992లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందు సరిగ్గా ఈ అభ్యంతరమే వచ్చింది. 3–2 మెజారిటీతో కోర్టు షెడ్యూలును సమర్థించింది. అయితే విప్ ధిక్కారం వల్ల అనర్హత అనేది విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకు, పార్టీ ఏ విధానం, కార్యక్రమం చెప్పి ప్రజల దగ్గరకు వెళ్లిందో వాటికి సంబంధించిన ఓటింగుకు పరిమితం కావాలని మెజారిటీ తీర్పు అన్వయించింది. ఈ పరిమితిని చాలామంది విద్యార్థులు పరీక్షల్లో రాయరు. పార్టీలూ గుర్తుపెట్టుకోవు. ఆచరణలో విప్‌లు అంతకంటే చాలా విస్తృతంగా జారీ అవుతుంటాయి. విశ్వాస తీర్మానాలకే దీన్ని పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ కూడా సిఫారసు చేసింది. చట్టం మారలేదు.

తీర్పు చెప్పే కుర్చీ

నియమం ఎంత బాగున్నా, దాన్ని అన్వయించేది ఎవరన్నది అంతకంటే ముఖ్యం. లాభదాయక పదవి వంటి ఇతర కారణాలపై శాసనసభ్యుడి అనర్హత ప్రశ్న వస్తే 192వ అధికరణం ప్రకారం గవర్నర్ నిర్ణయిస్తారు, అదీ ఎన్నికల సంఘం అభిప్రాయానికి లోబడి. ఫిరాయింపు ప్రశ్న వస్తే మాత్రం ఆరవ పేరా ప్రకారం సభాపతి నిర్ణయిస్తారు. సభాపతి సాధారణంగా అధికార పార్టీ టికెట్టుపై గెలిచిన వ్యక్తే. పదవి స్వీకరించాక పార్టీ సభ్యత్వం వదులుకున్నా అనర్హత రాదని ఐదవ పేరా వెసులుబాటు ఇచ్చింది. వదులుకోవాలని మాత్రం అనలేదు.

కిహోటో కేసులో భిన్నాభిప్రాయం వెలువరించిన ఇద్దరు న్యాయమూర్తులు ఎత్తిచూపింది దీన్నే. సభలోని మెజారిటీ మద్దతు మీద పదవి ఆధారపడిన సభాపతి, స్వతంత్ర న్యాయనిర్ణేత కాలేరని వారన్నారు. మెజారిటీ న్యాయమూర్తులు సభాపతి పదవి గౌరవం మీద నమ్మకం ఉంచారు. అయితే ఈ విధి నిర్వర్తించేటప్పుడు సభాపతి ఒక ట్రిబ్యునల్ వంటివారేనని, ఆ నిర్ణయం న్యాయసమీక్షకు లోబడి ఉంటుందని స్పష్టం చేశారు. ఫిరాయింపు కేసుల్లో కోర్టుల జోక్యాన్ని నిషేధించిన ఏడవ పేరాను కొట్టేశారు.

నిర్ణయం తీసుకుంటే సమీక్షించవచ్చు. నిర్ణయమే తీసుకోకపోతే? షెడ్యూలులో గడువు లేదు. మొత్తం పదవ షెడ్యూలులో అతి పెద్ద రంధ్రం ఇదేనని ఈ పాఠ్యభాగ రచయిత అభిప్రాయం. పిటిషన్ బల్ల మీద ఉంటుంది, శాసనసభ కాలం కరిగిపోతుంది. మన విద్యార్థిని రాసుకున్న సంగతులను ఈ దృష్టితో మళ్లీ చూడండి. 2014–19 సభలో ఫిరాయించిన సభ్యులు సభ్యత్వాలతోనే కొనసాగారు, కొందరు మంత్రులు కూడా అయ్యారు. 2024 ఫిబ్రవరిలో ఎనిమిది మందిపై వేటు పడేసరికి ఐదేళ్ల కాలం దాదాపు ముగిసింది. వేటు పడినవారు మళ్లీ పోటీ చేయడానికి అడ్డు లేదు. వారిలో కొందరు రెండున్నర నెలల తరవాత జరిగిన ఎన్నికల్లో నిలబడ్డారు, గెలిచినవారూ ఉన్నారు.

2020లో మణిపూర్‌కు చెందిన కేశం మేఘచంద్ర సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అసాధారణ పరిస్థితులుంటే తప్ప సభాపతి మూడు నెలల్లో నిర్ణయించాలని చెప్పింది. ఈ అధికారాన్ని ఒక శాశ్వత ట్రిబ్యునల్‌కు అప్పగించే విషయం పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది. ఆ తరవాత ఇదే సమస్య తెలంగాణ నుంచి కోర్టు గడప ఎక్కింది. 2023 ఎన్నికల్లో బి.ఆర్.ఎస్. టికెట్టుపై గెలిచిన పదిమంది కాంగ్రెస్‌లోకి వెళ్లారంటూ వేసిన పిటిషన్లపై నిర్ణయం జాప్యమైంది. 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో నిర్ణయించాలని తెలంగాణ స్పీకర్‌ను ఆదేశించింది. 2019లో విలీనం వల్ల నష్టపోయిన పార్టీ ఈసారి అధికారంలో ఉంది. అప్పుడు సభ్యులను చేర్చుకున్న పార్టీ ఈసారి పిటిషనర్ల వైపు ఉంది. రెండు సందర్భాల్లోనూ న్యాయవాదుల వాదనలు చదివితే కుర్చీలు మారినట్టు, కాగితాలు మారనట్టు అనిపిస్తుంది.

మన విద్యార్థిని విసుగుకు అసలు మూలం ఇక్కడుంది. ఆమె సందేశాన్ని బాబాయి, మామయ్య రెండు ముక్కలు చేయడం కేవలం వాళ్ల పక్షపాతం కాదు. నిర్ణయాన్ని ఒక పక్షం చేతిలో పెట్టిన నియమాన్ని జనం కూడా ఒక పక్షం ఆయుధంగానే చూస్తారు. లాభదాయక పదవి కేసు మీద ఊళ్లో ఇంత రచ్చ జరగదు. ఎందుకో ఆలోచించండి.

నియమావళి, నోటు, కోర్టు

ఎన్నికల ప్రవర్తనా నియమావళి 1960లో కేరళ శాసనసభ ఎన్నికల సందర్భంగా మొదలైంది. ఇప్పటికీ అది శాసనం కాదు. దాన్ని ఉల్లంఘించినందుకే ఎవరికీ జైలుశిక్ష పడదు. ఉల్లంఘన ఏదైనా చట్టంలోని నేరం కూడా అయినప్పుడే కేసు నడుస్తుంది. ఎవరైనా సి-విజిల్ యాప్‌లో ఫొటో లేదా వీడియో పంపితే వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న లక్ష్యం. మన విద్యార్థిని ఒకసారి పంపింది కూడా. పంపింది ఎవరో తెలియకపోయినా, "ఏ పార్టీవాడు పంపాడో" అన్న చర్చ మాత్రం రచ్చబండ దగ్గర రెండు రోజులు నడిచింది.

డబ్బు విషయంలో ఆ ఇంటి పెదనాన్న మాట చెప్పుకోవాలి. రెండు పార్టీల కవర్లూ తీసుకుని ఆయన అన్నాడు: "ఒక్కళ్ల దగ్గరే తీసుకుంటే పక్షపాతం అవుతుంది. ఇద్దరి దగ్గరా తీసుకున్నాను, నేను తటస్థుణ్ణి." ఇంట్లో అందరూ నవ్వారు. విద్యార్థిని నవ్వలేదు. అప్పటికి అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి 171-బి సెక్షన్ ప్రకారం ఓటు కోసం ఇచ్చినవాడే కాదు, పుచ్చుకున్నవాడూ లంచం నేరం చేసినట్టే. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది.

ఇక ఫలితం మీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. విచారణను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ అంటుంది. 2018 డిసెంబరు నాటి తెలంగాణ ఎన్నికలకు సంబంధించి కొత్తగూడెం, గద్వాల స్థానాలపై హైకోర్టు తీర్పులు వచ్చింది 2023 జూలై, ఆగస్టుల్లో. సుప్రీంకోర్టు ఆ రెండింటి అమలునూ నిలిపింది. ఆ లోపు మళ్లీ ఎన్నికలే వచ్చాయి.

బూతులో పార్టీ

ఇంతవరకు చదివి, పార్టీ అనేదే లేకపోతే బాగుండునని మీకు అనిపించవచ్చు. మన విద్యార్థినికీ అనిపించింది. నోటా నొక్కుదామనుకుంది. 2013లో పి.యు.సి.ఎల్. కేసు తీర్పు వల్ల వచ్చిన హక్కు అది. నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, తరవాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలిచినట్టు ప్రకటిస్తారని కూడా ఆమెకు తెలుసు.

పోలింగుకు రెండు రోజుల ముందు బాబాయి పార్టీ తరఫున కూర్చోవలసిన పోలింగ్ ఏజెంటుకు జ్వరం వచ్చింది. "రూల్సు తెలిసినదానివి, నువ్వు కూర్చో అమ్మా" అని బాబాయి బతిమాలాడు. ఒకసారి కూర్చుంటే ఆ ముద్ర చెరగదని ఆమెకు తెలుసు. రేపు గుంటూరు కోర్టులో నల్లకోటు వేసుకున్నా "ఫలానా పార్టీ లాయరు" అనే అంటారు. రాత్రంతా ఆలోచించి, ఉదయం ఒప్పుకుంది. "బూతులో మీ పార్టీ కోసం అబద్ధం ఆడను" అని ముందే చెప్పింది. బాబాయి దానికి ఏమీ అనలేదు, ఏజెంటుగా నియమించే ఫారం 10 చేతికిచ్చి వెళ్లాడు.

తెల్లవారకముందే బూతులో ఆమె పక్కన కూర్చున్నది ఎదుటి పార్టీ ఏజెంటు, పదో తరగతి దాకా తనతో చదివిన కుర్రాడు. మాక్ పోలింగులో యంత్రం మీద కనీసం యాభై ఓట్లు వేసి లెక్క సరిచూశారు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగానే చూసుకున్నారు. చట్టానికి కావలసింది కూడా అదే. ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961 చదివితే మీకు ఒక విషయం తెలుస్తుంది. అందులో ఎక్కడా ఏజెంటు నిష్పక్షపాతంగా ఉండాలని ఆశించలేదు. పరస్పరం నమ్మని మనుషులను ఒకే గదిలో కూర్చోబెట్టి, సీళ్ల మీద సంతకాలు పెట్టించి, ఎవరైనా దొంగ ఓటరని అనిపిస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పే హక్కు ఇచ్చింది. ఊళ్లో ఎవరి ముఖం ఎవరిదో ప్రభుత్వ సిబ్బందికి తెలియదు. ఈ ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం మూడు గంటలకు ఒక ముసలామె వచ్చింది. జాబితాలో ఆమె పేరు ఎదుట అప్పటికే టిక్కు పడింది. ఆమె ఓటు ఎవరో వేసేశారు. ప్రిసైడింగ్ అధికారి వరుస చూసి, "అయిపోయిందమ్మా, వెళ్లిపో" అన్నాడు. "49-పి నియమం ప్రకారం మామ్మకు టెండర్డ్ బ్యాలెట్ ఇవ్వాలండీ" అని విద్యార్థిని లేచింది. అధికారి ఆమె బ్యాడ్జీ వైపు చూశాడు. ఏ పార్టీ అని. అప్పుడు ఎదుటి పార్టీ కుర్రాడు కూడా లేచి, "అవునండీ, ఇవ్వాలి. ఈ మామ్మ మా వీధిలోనే ఉంటుంది" అన్నాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పేసరికి అధికారి చేతిపుస్తకం తిరగేశాడు. కాగితం బ్యాలెట్ తీసి, ఆమె గుర్తింపు చూసి, ఓటు వేయించి, విడిగా కవరులో పెట్టి సీలు వేశాడు.

టెండర్డ్ ఓట్లు మామూలు లెక్కింపులో చేరవు. ఎన్నికల పిటిషన్‌లో కోర్టు ఆదేశిస్తేనే వాటిని తెరుస్తారు. ఆ సంగతి ముసలామెకు ఎవరూ చెప్పలేదు. విద్యార్థిని చెప్పాలనుకుంది, కానీ ఆమె అప్పటికే వేలి మీది సిరా గుర్తు చూసుకుంటూ బయటికి నడిచింది.

పోలింగు ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఫారం 17-సి నింపాడు. యంత్రంలో నమోదైన మొత్తం ఓట్లెన్నో అందులో ఉంటుంది. లెక్కింపు రోజున వచ్చే సంఖ్యను దీనితోనే పోల్చిచూస్తారు. ఏజెంట్లందరికీ ప్రతి ఇవ్వాలి. రెండు పార్టీల ఏజెంట్లూ సంతకాలు చేసి చెరొక కాగితం తీసుకున్నారు. బయట బాబాయి, మామయ్య వేర్వేరు చెట్ల కింద ఎదురుచూస్తున్నారు. ఆ రాత్రి రెండు పార్టీల గ్రూపుల్లోనూ ఆ బూతు సంఖ్య ఒకటే కనిపించింది. ఈసారి ఎవరూ కత్తిరించలేదు. కత్తిరించడానికి అందులో ఏమీ లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ నియోజకవర్గ శాసనసభ్యుడు గత ఎన్నికల్లో దాఖలు చేసిన ఫారం 26 అఫిడవిట్‌ను ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో తెరిచి చదవండి. ఆయన మరో పార్టీకి చెందినవారైతే మీరు అదే శ్రద్ధతో చదివేవారా? ఒక పుటకు మించకుండా రాయండి.

కిహోటో హోలోహన్ కేసులో మెజారిటీ, మైనారిటీ అభిప్రాయాలను వివరించి, 192వ అధికరణం కింది విధానంతో పదవ షెడ్యూలు ఆరవ పేరాను పోల్చండి. సభాపతి స్థానంలో ట్రిబ్యునల్ ఉంటే పైన చెప్పిన తెలుగు రాష్ట్రాల ఉదాహరణల్లో ఏది భిన్నంగా ముగిసి ఉండేదో మీ మాటల్లో చర్చించండి. జవాబులో ఏ పార్టీ పేరూ వాడకుండా రాయడానికి ప్రయత్నించండి. అలా రాయడం మొదట్లో కష్టంగా ఉంటుంది. రాసిన తరవాత మీ ఇంట్లో వేరే పార్టీని అభిమానించేవారికి చదివి వినిపించండి.